ఏకాంబరం పేరున్న డబ్బా

మా కంపెనీ క్యాలెండరు మీద ఈ ఏడాది మా చరిత్ర అచ్చువేశారు. ప్రెస్సతను సొంత కవిత్వం కలిపి రాసిన నాలుగు ముక్కలవి. "స్వర్గీయ ఏకాంబరం గారిచే 1968లో చిత్తూరునందు స్థాపింపబడి, దినదినాభివృద్ధి చెంది, 1985 నాటికి రెండు షెడ్లతో విరాజిల్లుచున్నది" అని. విరాజిల్లుచున్నదట! చదివితే ఒళ్ళు మండింది నాకు. ఆ దినాల్లో ఇరవై ఆరు దినాలు ఈ కంపెనీ చచ్చి పడి ఉంది. చంపింది ఎవరో కాదు, నేనే. క్యాలెండరులో దానికి చోటు లేదు గనక ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు ధనంజయ. ఏకాంబరం మా అన్న. కోలారు బంగారు గనుల్లో వడ్రంగిగా పనిచేసేవాడు. అక్కడ ఒక ముసలి దొరసాని ఇంటి తలుపులు బాగుచేయడానికి వెళ్ళి, ఆమె ఇచ్చిన గ్లాసెడు తాగి, ఆ రుచికి పడిపోయాడు. అల్లం దంచి, చక్కెర నీళ్ళలో పులియబెట్టి, సీసాలో బిగిస్తే దానంతట అదే పొంగే పానీయం అది. మిషనుతో గ్యాసు ఎక్కించే సోడా కాదు. దొరసాని దాన్ని బీరు అనేది గానీ, తాగినవాడికి తేన్పు తప్ప మత్తేమీ రాదు. అన్న ఆమె దగ్గర పని నేర్చుకుని ఊరికి వచ్చేశాడు. గిరింపేటలో మా ఇంటి వసారాలో రెండు జాడీలతో మొదలుపెట్టాడు. అప్పట్లో చక్కెర రేషను. చిత్తూరులో బెల్లానికి కరువా? బెల్లం వేశాడు. టీ రంగు వచ్చింది, దొరసాని చేసినదానికంటే రుచీ వచ్చింది. జనం దాన్ని జింజరు అన్నారు. మేమూ అదే పేరు ఖాయం చేసుకున్నాం.

నాలుగేళ్ళకే అన్న కామెర్లతో పోయాడు. మా వదిన పంకజాక్షికి అప్పటికి ముప్పై నిండలేదు. ఇద్దరు ఆడపిల్లలు. కర్మకాండ అయిన రోజే బంధువులంతా కూర్చుని జాడీలు అమ్మేయమని తీర్మానించారు. అందులో నా గొంతే పెద్దది. వదిన లోపల్నించి వచ్చి, "ఆయన చేసేదంతా పక్కన నిలబడి చూసినా. నాకు చేతనవుతాది. జాడీలు యాడికీ పోవు" అని చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. మరుసటి వారం అన్న సైకిలు నా చేతికిచ్చి, "నీ గొంతు పెద్దది గదా, దాన్ని అంగళ్ళలో వాడు" అంది. అప్పట్నించీ అమ్మకాలు నావి, తయారీ ఆమెది.

1979 నాటికి రెండు జాడీలు పద్నాలుగయ్యాయి. వసారా షెడ్డయింది. బిరడాలకు పురికొస కట్టే రోజులు పోయి మూతలు నొక్కే చేతిమిషను వచ్చింది. తొమ్మిది మంది ఆడవాళ్ళు పనిచేసేవారు. చిత్తూరు బస్టాండు నుంచి కాణిపాకం దాకా మా సీసా లేని అంగడి లేదు.

ఈ సరంజామా అంతటికీ ప్రాణం ఒక చిన్న జాడీలో ఉండేది. దొరసాని అన్నకు ఇచ్చిన తోడు అది. ఉడికిన సగ్గుబియ్యంలా తెల్లగా, జిగటగా ఉండే పలుకులు. పాలకు తోడు ఎలాగో బెల్లం నీళ్ళకు ఇది అలాగ. వదిన దాన్ని తల్లి అనేది. రోజూ పొద్దున్నే స్నానం చేసి, చిటికెడు శొంఠిపొడి, చెంచాడు బెల్లం పాకం దానికి పెట్టాకే తాను కాఫీ తాగేది. కొత్తగా అల్లం పులియబెడితే నురుగైతే వస్తుంది గానీ ఈ పలుకులు పుట్టవు, ఈ రుచి రాదు. ఉన్న పలుకులే పెరిగి రెండింతలు, మూడింతలు కావాలి.

అలా పెరిగినదాంట్లోంచి గుప్పెడు 1975లో వదిన మునిరత్నమ్మకు ఇచ్చింది. మునిరత్నమ్మ సీసాలు కడగడానికి మా దగ్గర చేరి, మూడేళ్ళలో వదినకు కుడిచెయ్యి అయిన మనిషి. ఆమె మొగుడికి బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వాచ్‌మెన్ పని దొరికి కాపురం అక్కడికి మారింది. వెళ్ళే రోజున వదిన, అన్న పేరు చెక్కి ఉన్న ఎవర్‌సిల్వర్ డబ్బాలో తోడు పోసి, "ఆడ ఊరకే కూచోవద్దు మునిరత్నం. చేసి అమ్ముకో" అని చేతిలో పెట్టింది. నేను ఇంటి పెంకులు ఎగిరిపోయేలా అరిచాను. తోడే ఇచ్చేస్తే ఇంక మనకు మిగిలేదేమిటి అని నా బాధ.

"ఎట్లాగూ పెరిగేదే గదా ధనంజయా, ఆమె కూడా బతకనీ" అంది వదిన.

ఆమె అంత తేలిగ్గా అనేసరికి నా కడుపుమంట ఇంకా పెరిగింది. ఆరు నెలలు తిరక్కుండానే లారీ డ్రైవర్లు మునిరత్నమ్మ అంగడి ముందు ఆగుతున్నారని తెలిసింది. సొంత వదినే ఇచ్చిందని చెప్పుకోలేక, ఆ రోడ్డు మీద ఉన్న ప్రతి అంగట్లోనూ ఒక మాట వేసి వచ్చాను. "ఆమె మా తోడు దొంగిలించుకొని పోయిన మనిషప్పా. కావాలంటే ఆ డబ్బా మీద మా అన్న పేరు చూసుకోండి" అని. ఆ తర్వాత ఆమె సరుకు ఒక్క అంగడివాడు తీసుకోలేదు. ఆమె అమ్మకం తన గడపలోనే ఆగిపోయింది. ఈ సంగతి వదిన చెవిన పడకుండా చూసుకున్నాను. అప్పుడు అది తెలివి అనుకున్నాను కూడా.

1979 సెప్టెంబరులో పాకాల జంక్షన్ నుంచి కబురొచ్చింది. అక్కడ ప్లాట్‌ఫారం మీద అంగళ్ళు నడిపే మునిరామయ్య, దీపావళి దాటాక రెండో మంగళవారం వచ్చి జింజరు రుచి చూస్తానన్నాడు. నచ్చితే తన అంగళ్ళన్నిటికీ మా సరుకే. కాకపోతే మద్రాసు రంగుసోడాల కంపెనీవాడు కూడా ఆయన చుట్టూ తిరుగుతున్నాడు. ఎండాకాలం పోతే మా షెడ్డులో సగం మందికి పని ఉండేది కాదు. స్టేషన్ దొరికితే పన్నెండు నెలలూ పనే. వదిన ఆడవాళ్ళందరినీ పిలిచి, "ఇది మనకే రావల్ల. ఇంక ఎవురినీ వానాకాలం ఇంటికి పంపను" అని మాటిచ్చేసింది.

ఇంతలో ఆయుధ పూజ వచ్చింది. మా వైపు అది చిన్న పండగ కాదు. కత్తెర నుంచి లారీ దాకా కడిగి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టందే ఎవడూ పనిముట్టు ముట్టడు. వదిన పిల్లల్ని తీసుకుని ముందురోజు పుత్తూరు పుట్టింటికి వెళ్ళింది, పండగ మధ్యాహ్నానికి వస్తానంది. ఆమె వచ్చేసరికి పూజ ఏర్పాట్లన్నీ అయిపోవాలని నేను తెల్లారకముందే లేచాను. మూతల మిషను, రోకళ్ళు, సైకిలు, జాడీలు కడిగాను. అన్నిటికీ చేసి అసలైన తల్లిని వదిలేస్తే ఎలా అనిపించింది. చిన్న జాడీ మూత తీశాను. లోపల పక్కలంతా గార కట్టి ఉంది. తల్లిని ఇంత మురికిలో పెట్టుకున్నామే అని నొచ్చుకున్నాను కూడా.

పలుకులన్నీ బేసిన్లోకి తీసి, పండగపూట తలకు పోసుకునేంత వేడినీళ్ళతో రెండుసార్లు కడిగాను. జాడీని కుంకుడు రసంతో తోమాను. లోపలా బయటా దట్టంగా పసుపు పూశాను. పలుకులు తిరిగి పోసి, వాటి మీద కూడా ఇంత పసుపు చల్లి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించాను. నా జన్మలో అంత భక్తిగా ఏ పనీ చేయలేదు.

వదిన వచ్చి, కాళ్ళు కడుక్కుని, నేరుగా చిన్న జాడీ దగ్గరికి వెళ్ళి మూత తీసింది.

"ఏం చేసినావు ధనంజయా?"

"పూజ" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. నేల మీద చతికిలబడి, ఆ పచ్చటి పలుకుల్ని ఒక్కొక్కటే చల్లనీళ్ళలో కడగడం మొదలుపెట్టింది. మూడు రోజులు చంటిబిడ్డకు చేసినట్టు చేసింది. బెల్లం పాకం పెట్టింది, గుడ్డ చుట్టింది, గంటగంటకూ చెవి పెట్టి వింది. ఒక్క బుడగ లేవలేదు. నాలుగో రోజు వాసన వచ్చింది.

"మునిరత్నం దగ్గర ఉంటాది. పోయి అడుగుదాం" అంది.

మేం బంగారుపాళ్యంలో దిగితే నేను కూసిన కూతలన్నీ బయటపడతాయి. "ఆమె ఈడ యాడుంది వదినా? అంగడి మూసేసి బెంగుళూరు పోయినారంట" అనేశాను. అబద్ధం అంత నున్నగా నోట్లోంచి ఎలా జారిందో ఇప్పటికీ తెలియదు. వదిన నా మాట నమ్మింది. అదే నన్ను ఇప్పటికీ కోస్తుంది.

ఇక ఆమె పట్టు పట్టింది. పలమనేరు అల్లం తెప్పించి కొత్త తోడు కట్టింది. పుల్లగా వచ్చింది. పారబోసింది. కొత్తబెల్లం మార్చి పాతబెల్లంతో చేసింది. సాగుతూ చీమిడిలా వచ్చింది. అదీ పారబోసింది. మూడోసారి వాసన బాగుందని సీసాలకు పట్టిస్తే రెండో రోజుకల్లా టపాసుల్లా పేలాయి. దీపావళి ఎప్పుడొచ్చి పోయిందో ఆ ఇంట్లో ఎవరూ గమనించలేదు. పాత సరుకు అయిపోయింది. నేను ఖాళీ సైకిలు తొక్కుకుంటూ పోతే అంగళ్ళలో మా వరుస నిండా మద్రాసువాడి ఎర్రసీసాలు ఉన్నాయి. ఒక్క ఆడమనిషిని కూడా వదిన ఇంటికి పంపలేదు. "ఇంగోసారి" అనేది. అల్లం దంచే చప్పుడు మళ్ళీ మొదలయ్యేది.

ఒకరోజు బస్సెక్కి కోలారు గనులకు పోయివచ్చింది, ఒంటరిగా. దొరసాని పోయి అయిదేళ్ళయిందట. పిల్లలు ఆస్ట్రేలియా వెళ్ళిపోయారట. ఆ ఇంట్లో కొత్తగా చేరినవాళ్ళు ఆమె జాడీల్లో గులాబీలు వేసుకున్నారు. వదిన తిరిగొచ్చి ఆ మాట చెప్పి, చీర కొంగు నడుముకు దోపుకుని, మళ్ళీ అల్లం ముందు కూర్చుంది.

ఇరవై ఆరో రోజు శుక్రవారం. మునిరామయ్య రావడానికి ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. పొద్దున వదిన వెలుతురులో పట్టి చూస్తున్న సీసా ఆమె చేతిలోనే పేలింది. అరచెయ్యి చీరుకుపోయింది. పనివాళ్ళు కేకలు పెట్టారు. ఆమె గుడ్డపేలిక తీసి, పళ్ళతో బిగించి కట్టుకుని, రెండో చేత్తో ఇంకో సీసా అందుకుంది. నెత్తురు ముంజేతి మీదుగా కారుతోంది. చూడలేకపోయాను.

"వదినా, ఆ సీసా దించు" అన్నాను. "మునిరత్నమ్మ బెంగుళూరు పోలేదు. బంగారుపాళ్యంలోనే ఉండాది. నేను అబద్ధం చెప్పినాను."

ఎందుకు చెప్పానో కూడా చెప్పాను. అంగళ్ళలో వేసిన మాట, డబ్బా మీద పేరు చూసుకోండని అన్న మాట, నాలుగేళ్ళ కథంతా నిలబడ్డచోటే కక్కేశాను. ఆడవాళ్ళందరూ వింటున్నారు. వదిన ముఖం చూసే ధైర్యం లేక మూతల మిషను వైపు చూస్తూ చెప్పాను.

"నేను కోలారు దాకా పోయి వస్తినే" అంది వదిన. "నువ్వే గదా బస్సెక్కించినావు."

నేను వంగి కిందపడ్డ గాజుపెంకులు ఏరసాగాను.

"ఇప్పుడు చెప్పినావే, అది మునిరత్నం ముందర చెప్పు. పద."

"ఈ పొద్దు శుక్రవారం వదినా. తోడు అడగకూడదు గదా" అని గొణిగాను. మా ఇళ్ళలో శుక్రవారం పాలతోడు కూడా గడప దాటించరు. ఇస్తే లక్ష్మి దాని వెంటే పోతుందంటారు.

"ఆమెకు దొంగతనం అంటగట్టేటప్పుడు వారం చూసుకున్నావా? పద."

బంగారుపాళ్యంలో బస్సు దిగేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీకి ఎదురుగా, రేకుల చూరు కింద చిన్న అంగడి. తడి గోనెపట్టా కింద వరసగా సీసాలు. మునిరత్నమ్మ వదినను చూసి, "అక్కా!" అంటూ పరుగున వచ్చింది. చేతికున్న కట్టు చూసి రెండు చేతులతో పట్టుకుంది. నన్ను చూడనట్టే ఉంది.

వదిన నా వైపు తిరిగింది. నేను చెప్పాను. పొద్దున ఒకసారి చెప్పినదే అయినా ఆ మనిషి ముఖం మీద చెప్పడానికి నాలుక మడత పడింది. ఆయుధ పూజ నాడు చేసిన ఘనకార్యం కూడా చెప్పాను.

"నాకు తెలుసులే అన్నా" అంది మునిరత్నమ్మ. "అంగళ్ళోళ్ళు నా మొగం మీదనే చెప్పినారు. డబ్బా మీద పేరు చూసి చూసి పోయేవాళ్ళు. పాత్రలంగడాయన జాలిపడి, 'తీసుకురామ్మే, ఆ పేరు అరగదీసిస్తా' అన్నాడు. వద్దన్నా. అక్క ఇచ్చిన డబ్బా. దాని మీద పేరు నేను యాల చెరపల్ల? దొంగని కాకపోతిని గదా."

లోపలికి వెళ్ళి ఆ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. చుక్కలు చుక్కలుగా 'కె. ఏకాంబరం' అని చెక్కిన అక్షరాలు తోమి తోమి మెరుస్తున్నాయి. మూత తీసింది. సగ్గుబియ్యంలాంటి పలుకులు నిండుగా ఉన్నాయి, మధ్యలోంచి సన్నటి బుడగలు లేస్తున్నాయి. వదిన వంగి ఆ వాసన పీల్చి, ఇరవై ఆరు రోజుల్లో మొదటిసారి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సిగ్గుపడి అంగడి వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

తిరిగి వచ్చేసరికి మునిరత్నమ్మ మూత పెట్టేసి ఉంది. "శుక్రవారం తోడు ఇయ్యనక్కా. నీకైనా ఇయ్యను. నీ ఇంట్లో నేర్చుకున్న పద్ధతే."

వదిన తల ఊపింది. "నిజమే. బలవంతం చేయను. రేపు వస్తాం" అంది. రేపు తీసుకుపోతే మంగళవారానికి అందదని ఆమెకు తెలుసు. రెండు రోజులు జాడీలో, రెండు రోజులు సీసాలో ఉంటేనే జింజరు. అయినా ఒక్క మాట అడగకుండా లేచింది.

"ఇయ్యనన్నా గానీ రానన్నానా?" అంది మునిరత్నమ్మ. అంగడి తలుపు దగ్గరికి వేసి, తాళం తిప్పి, డబ్బా చంకన పెట్టుకుంది. "నా సరుకు నేను మోసుకొస్తా. నా చేత్తో నేను వేస్తా. అది ఇచ్చినట్టు కాదు. పద అక్కా, బస్సు వస్తా ఉండాది."

తిరుగు బస్సులో వాళ్ళిద్దరూ ముందు సీట్లో కూర్చున్నారు. డబ్బా మునిరత్నమ్మ ఒళ్ళో ఉంది. గాలి పోవడానికి మూత కొంచెం వదులు చేసి, ప్రతి గతుకుకూ దాని మీద చెయ్యి అడ్డం పెట్టేది. నేను వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాను.

షెడ్డులో వదిన చిన్న జాడీ ముందు పెట్టబోతే మునిరత్నమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, పక్కకు నెట్టేసింది. "ఇంకా పసుపు కంపే. కొత్తది తియ్యక్కా. అన్నను ఈ గదిలోకి రానీవద్దు" అంది. నేను గడప బయటే నిలబడ్డాను. బెల్లం నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో ఇద్దరూ ఒకేసారి వేలు పెట్టి చూశారు. డబ్బాలోంచి సగం కొత్త జాడీలోకి, పావు బెల్లం నీళ్ళలోకి తన చేత్తోనే వంచింది మునిరత్నమ్మ. పావు డబ్బాలోనే ఉంచుకుంది. ఆ నాలుగు రోజులూ ఆమె మా ఇంట్లోనే ఉంది.

మంగళవారం మునిరామయ్య వచ్చాడు. మేం చేయగలిగింది ఇరవై నాలుగు సీసాలే. మూత తీయగానే నురుగు అంచుదాకా వచ్చి ఆగింది. ఆయన తాగాడు. ఇంకోటి తీయమన్నాడు. అది కూడా తాగి, తేన్చి, "ఏమ్మా, లారీవాళ్ళు బంగారుపాళ్యంలో ఆగి తాగేది ఇదే గదా? ఇదే రుచి. ఆడ అమ్మేది ఎవరు మరి?" అన్నాడు.

వదిన వెంటనే మునిరత్నమ్మ భుజం మీద కట్టున్న చెయ్యి వేసింది.

"ఈమే. ఇది మా ఇద్దరి సరుకు. ఈడ చేసేది నేను, ఆడ చేసేది ఈమె. ఒకరి దగ్గర ఆగిపోతే ఇంకొకరి దగ్గర నుంచి వస్తాది. మీ స్టేషన్లో ఏ పొద్దూ బల్ల ఖాళీగా ఉండదు."

మునిరామయ్య అడగాలనుకున్నది సరుకు మధ్యలో ఆగిపోదు గదా అనే. జవాబు ముందే దొరకడంతో ఆయన మూడో సీసా తీయించుకుని, ఎప్పటి నుంచి పంపుతారని అడిగాడు.

నా శిక్ష వదినే నిర్ణయించింది. మునిరత్నమ్మ సరుకు నా సైకిలు మీద వేసుకుని, నేను మాట వేసి వచ్చిన ప్రతి అంగడికీ వెళ్ళాలి. వెళ్ళాను. "ఆమె దొంగ కాదప్పా. నేను అబద్ధాలకోరుని" అని పదిహేడు అంగళ్ళలో పదిహేడుసార్లు చెప్పాను. కొందరు నవ్వారు. ఒక ముసలాయన మాత్రం నవ్వకుండా, "నాలుగేండ్లు ఆమెకు తిరిగి ఇస్తావా?" అని అడిగాడు. ఆ మాట ఇంకా నా లోపల ముల్లులా ఉంది.

1982లో బంగారుపాళ్యంలో కట్టిన రెండో షెడ్డు మునిరత్నమ్మది. క్యాలెండరులో "రెండు షెడ్లతో" అన్న మాటకు వెనక ఉన్నది ఇదీ. ప్రతి ఆయుధ పూజకూ చిన్న జాడీ ఉన్న గదికి ఆ రోజంతా తాళం. తాళంచెవి పండక్కి వచ్చే మునిరత్నమ్మ కొంగుకు. నాకు గుమ్మడికాయ కొట్టే పని ఒక్కటే ఇస్తారు.

పోయిన నెలలో మా నిర్మలమ్మ పని మానుకుంది. ఆరేళ్ళుగా అల్లం దంచిన మనిషి. మొగుడు నగరిలో మగ్గం పెట్టుకుంటున్నాడని వెళ్ళాల్సి వచ్చింది. నేను బజారుకు పోయి కొత్త ఎవర్‌సిల్వర్ డబ్బా ఒకటి కొన్నాను. దాని మీద ఏ పేరు చెక్కమంటావని పాత్రలంగడాయన అడిగాడు. కంపెనీ పేరా, ఏకాంబరం పేరా అని.

నిర్మలమ్మ పేరు చెక్కమన్నాను. రేపు ఏ వెధవా ఆ డబ్బా చూపించి ఆమెను దొంగ అనకూడదు. గురువారం పొద్దున దాని నిండా తోడు పోయించి, ఆమె చేతికి నేనే ఇచ్చాను.